"ఏడో కాన్పే కదా, అదే అయిపోతుంది" అనకండి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ ఉన్నతాధికారులకు, జిల్లాల వైద్య ఆరోగ్యాధికారులైన డీఎంహెచ్‌ఓలకు, కాన్పుల గదుల్లో రాత్రి డ్యూటీలు చేస్తున్న నా తోటి సిస్టర్లకు నమస్కారాలు.

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో 31 ఏళ్ళు ఏఎన్‌ఎంగా, అంటే పల్లెల్లో తల్లీబిడ్డలను చూసుకునే నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఉండగా మీకు పంపిన కాగితాలన్నీ నెలవారీ రిపోర్టులే. మనసులో మాట రాయడం ఇదే మొదలు. ఐదు, ఆరు, ఏడు కాన్పులు దాటిన తల్లుల గురించి రాస్తున్నాను. వాళ్ళ సంఖ్య తగ్గింది, దాంతో వాళ్ళ గురించి మాట్లాడేవాళ్ళూ తగ్గిపోయారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. సగటు అంత చిన్నదైనప్పుడు ఏడో కాన్పుకు వచ్చిన మనిషి ఏ రివ్యూ మీటింగులోనూ ఎవరి కంటా పడదు. కోసిగి, కౌతాళం వైపు పల్లెల్లో తిరిగినదాన్ని కాబట్టి ఆమె నాకు బాగా తెలుసు. ఏజెన్సీ కొండల్లో పనిచేసిన నా స్నేహితురాళ్ళకూ తెలుసు.

గర్భిణి కార్డు మీద పేరు, వయసు తర్వాత మేం రాసేవి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు. జీ అంటే ఇది ఎన్నో కడుపు, పీ అంటే ఇంతకుముందు అయిన కాన్పులు, ఏ అంటే మధ్యలో పోయిన కడుపులు, ఎల్ అంటే బతికున్న పిల్లలు. 2008లో ఒక ఊళ్ళో వేపచెట్టు కింద కూర్చుని ఒకామెకు కార్డు రాస్తున్నాను. వయసు ముప్పై రెండో మూడో, ఆమెకే సరిగ్గా తెలియదు.

"ఎంతమంది పిల్లలమ్మా?"

"ముగ్గురు మేడం."

జీ దగ్గర నాలుగు వేయబోయాను. పక్కన చేటలో బియ్యం ఏరుతున్న అత్త తల ఎత్తకుండానే అంది: "ముగ్గురెక్కడమ్మా? పెద్దోని కంటే ముందర ఇద్దరు పోయిరి. నడుమ ఒకటి నెలలు నిండినాక కడుపులోనే పాయె."

ఆ గర్భిణి నా వైపు తిరిగి అడిగింది: "పోయినోళ్ళను గూడా లెక్కేస్తారా మేడం?"

వేస్తాం. వేసి తీరాలి. జీ 7, పీ 6, ఎల్ 3. ఇంట్లో వాళ్ళది కంచాల లెక్క, అన్నం పెట్టాల్సిన కంచాలు మూడు. గర్భసంచి లెక్క వేరు. అది ఆరుసార్లు సాగింది, ఆరుసార్లు మాయ ఊడిన పుండును మాన్చుకుంది. ఆ మనిషి ఒంట్లో ఉన్న కొద్దిపాటి ఇనుము ఆరుసార్లు బిడ్డలకు పంచిపెట్టింది, మధ్యలో తిరిగి కూడబెట్టుకునే వ్యవధి దొరకలేదు. ఆ రోజు హెచ్‌బీ, అంటే రక్తంలో హిమోగ్లోబిన్ చూస్తే 7.8 ఉంది, చాలా తక్కువ.

ఆ ఏడు అంకె నా చేత్తోనే రాశాను. చదవాల్సిన రోజున మాత్రం చదవలేదు.

కార్తీక మాసం, రాత్రి పదకొండు దాటింది. ఆమెను ఆటోలో తీసుకొచ్చారు. బల్ల మీద పడుకోబెట్టిన ఇరవై నిమిషాల్లో కాన్పయింది. మొదటి కాన్పంటే మా అందరికీ టెన్షన్. గంటగంటకూ చూస్తాం, బిడ్డ గుండె వింటాం, డాక్టరుగారికి ఫోన్ చేస్తాం. ఈమె విషయంలో ఎవరికీ ఆ టెన్షన్ లేదు. "ఏడో కాన్పు కదా, నీళ్ళు తాగినంత సులువుగా అయిపాయె" అంది ఆయమ్మ. నేనూ అదే అనుకున్నాను. మాయ పూర్తిగా పడింది. గర్భసంచి బిగుసుకోవడానికి ఇచ్చే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ చేశాను. ఆడపిల్ల, మూడు కిలోలు. బరువు చూసి, బొడ్డు చూసి, గుడ్డలో చుట్టి అత్త చేతికిచ్చి, రిజిస్టర్ రాయడానికి కూర్చున్నాను. పావుగంట అయి ఉంటుంది.

"మేడం, చలి పుడతాంది."

కార్తీక మాసం కదా, చలే అనుకుని దుప్పటి తెమ్మన్నాను. దుప్పటి కప్పబోతూ పొట్ట మీద చెయ్యి వేశాను. కాన్పయ్యాక గర్భసంచి బొడ్డు కింద టెంకాయంత గట్టిగా చేతికి తగలాలి. నా చేతికి నానిన పిండి తగిలింది. కింద పరిచిన పాత చీర మడతలు విప్పితే రక్తం. రబ్బరు షీటు వాలు వెంట జారి పరుపులోకి ఇంకిపోయింది. ఎక్కడా ధారగా కారలేదు, చప్పుడు లేదు, అందుకే ఎవరమూ చూడలేదు. గర్భసంచి మర్దన చేశాను, రెండు చేతులకూ సెలైన్ పెట్టాం, ఇంకో ఇంజెక్షన్ ఇచ్చాను. ఆ ఇంజెక్షన్లు ఉన్న ఫ్రిజ్‌కు పొద్దుటి నుంచీ కరెంటు లేదన్న సంగతి అంబులెన్స్ ఎక్కాకే నాకు గుర్తొచ్చింది. ఆదోని చేరకముందే ప్రాణం పోయింది.

అత్త పసిగుడ్డును ఒళ్ళో పెట్టుకుని అంబులెన్స్‌లోనే కూర్చుని ఉంది. "ఆరు కనింది, ఏం కాలేదే. దీనికెందుకిట్లాయె?" అని నన్నే అడుగుతూ ఉంది.

ఆ రాత్రి నోట మాట రాలేదు. ఆమెకు చెప్పాల్సిన జవాబు ఇప్పుడు మీకు రాస్తున్నాను.

నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం వెళ్తుంది. మాయ ఊడగానే అక్కడి రక్తనాళాలన్నీ తిప్పి వదిలేసిన కొళాయిల్లా తెరుచుకుని ఉంటాయి. వాటికి వేరే మూతలు లేవు. గర్భసంచి కండరమే బిగుసుకుని, పోగుల మధ్య ఆ నాళాలను నొక్కి మూయాలి. కాన్పు తర్వాత కాన్పుకు సాగిసాగి ఉన్న కండరం కొందరిలో అలా బిగుసుకోదు, లేదా బిగుసుకుని కాసేపటికి మళ్ళీ వదిలేస్తుంది. అందుకే ఆ మొదటి గంటంతా చెయ్యి పొట్ట మీద ఉండాలి. సరైన వైద్యం అందకపోతే ఇలాంటి రక్తస్రావం రెండు గంటల్లో మనిషిని తీసుకుపోగలదు. ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి దాదాపు వంద కిలోమీటర్లు. ఆ రెండు గంటలూ రోడ్డు మీదే గడిచిపోతాయి. అర లీటరు రక్తం పోతే ఒంట్లో రక్తం బాగున్న తల్లి తట్టుకుంటుంది. 7.8 ఉన్న తల్లి తట్టుకోలేదు. మన రాష్ట్రంలో సగానికి పైగా గర్భిణులకు రక్తహీనత ఉందని ఆ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఉంది. కాన్పుల సంఖ్య పెరిగేకొద్దీ అది ముదురుతుంది.

రక్తస్రావం ఒక్కటే కాదు. చాలా కాన్పులైన పొట్ట కండరాలు వదులవుతాయి. లోపల చోటెక్కువై తొమ్మిదో నెలలో కూడా బిడ్డ అడ్డంగానే ఉండిపోవచ్చు, ఈ వారం తల కిందికుంటే వచ్చే వారం పక్కకు తిరగొచ్చు. అలా ఉండగా ఉమ్మనీరు పోతే బొడ్డుతాడు ముందుకు జారుతుంది, లేదంటే చెయ్యి బయటికొస్తుంది. నేను చూసిన అలాంటి బిడ్డ చెయ్యి ఇప్పటికీ కళ్ళముందుంది, నీలంగా, చిన్నగా, వేళ్ళు ముడుచుకుని. మాయ గర్భసంచి కింది భాగంలో అతుక్కోవడం కూడా వీళ్ళలో ఎక్కువ. నొప్పి లేకుండా ఎర్రగా రక్తం కనబడుతుంది. నొప్పి లేదు కదా అని ఇంట్లో తేలిగ్గా తీసుకుంటారు. వయసు పైబడటంతో బీపీ, షుగర్ తోడవుతాయి.

గర్భసంచి చిట్లిపోవడం అన్నిటికంటే ఘోరం. పల్లెల్లో ఆర్‌ఎంపీలు వేసే "నొప్పుల సూది" గురించి మీకు తెలియనిది కాదు. నొప్పులు మందంగా ఉన్నాయని ఆక్సిటోసిన్ కండకు వేసేస్తారు. బిడ్డ అడ్డం ఉందో, తల పెద్దదో చూడకుండా పలచబడిన గర్భసంచి మీద ఆ సూది పడితే, అప్పటిదాకా ఉధృతంగా వస్తున్న నొప్పులు ఒక్కసారిగా ఆగిపోతాయి. ఇంట్లో వాళ్ళు హమ్మయ్య అనుకుంటారు. అప్పటికే లోపల చిట్లి ఉంటుంది. కాన్పుకు వాడే సూదిని కాన్పుల గది బయట ఎవరూ వాడకుండా చూడటం మీ చేతిలో ఉన్న పని. మందుల షాపుల తనిఖీల్లో దాన్ని పట్టించుకోండి.

ఇవన్నీ కొత్తగా కనిపెట్టిన సంగతులు కావు. డబ్లిన్‌లో బెథెల్ సోలమన్స్ అనే ప్రసూతి వైద్యుడు 1934లోనే, చాలా కాన్పులైన తల్లికి కాన్పు తేలికన్న నమ్మకం తప్పని రాశాడు. అలాంటి తల్లిని ఆయన "ప్రమాదకరమైన మల్టీపారా" అన్నాడు. ఆ పేరు నాకు నచ్చదు, ఆమె ఎవరికీ ప్రమాదం తెచ్చే మనిషి కాదు. అయినా ఆయన చెప్పిన విషయం నిజం. ఆ తర్వాత వైద్యం పెరిగింది. ఇజ్రాయెల్ వంటి దేశాల్లో ఏడెనిమిది మందిని కన్న తల్లులు కూడా చాలావరకు క్షేమంగా ఇంటికి వెళ్తున్నారు. అక్కడ రక్తం సిద్ధంగా ఉంటుంది, మత్తు డాక్టరు ఉంటారు, తల్లి తిండి బాగుంటుంది. అంటే ఏడో కాన్పులో ఉన్న ప్రమాదంలో పెద్ద వాటా మనం తగ్గించగలిగినదే. ఈ ఉత్తరం రాయడానికి నాకు ధైర్యమిచ్చిన సంగతి అదే.

హైరిస్క్ జాబితాలో ఎక్కువ కాన్పులైన తల్లి లేదని నేను అనడం లేదు. ఉంది. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులను డాక్టరు చూడాలి, ప్రమాదం ఉన్నవాళ్ళ కార్డు మీద ఎర్ర స్టిక్కర్ అంటించాలి. అంటిస్తున్నారు కూడా. నేను అడిగేది ఆ స్టిక్కర్ అంటించాక ఏం జరుగుతోందని. బీపీ 160 ఉన్న తల్లికి ఎర్ర స్టిక్కర్ పడితే అందరూ పరుగెత్తుతారు. ఆరో కాన్పు అన్న కారణంగా పడితే ఎవరూ కదలరు. బీపీ బాగుంది, షుగర్ లేదు, కడుపు బాగా పెరుగుతోంది, ఇంకేం అంటారు. కాన్పు రోజున ఆ కార్డు దిండు కిందే ఉండిపోతుంది.

ఇంకో మాట, ఇది నా తోటి సిస్టర్లకు. అమ్మా, తిట్టకండి. "మళ్ళీ వచ్చావా? సిగ్గు లేదా? ఎన్నిసార్లు చెప్పాలి?" ఈ మాటలు నేనూ అన్నాను, అందుకే రాస్తున్నాను. తిట్లకు భయపడి ఐదో నెల దాటేదాకా మన గడప తొక్కని తల్లులు ఎంతమందో. కార్డు లేక స్కానింగ్ లేదు, మాయ ఎక్కడుందో తెలియదు, రక్తం ఎంతుందో తెలియదు. చివరికి నొప్పులతోనే వస్తారు. నొప్పులు మొదలయ్యాక వీళ్ళకు టైం తక్కువ, దారిలోనే అయిపోవచ్చు. అప్పుడు మళ్ళీ తిట్టేది మనమే, ముందే ఎందుకు రాలేదని.

ఆమె ఎందుకు కంటోందో ఒక్కసారి కూర్చుని అడిగితే తెలుస్తుంది. పోయిన బిడ్డల చోటు నింపుకోవడానికి. కొడుకు కోసం. మొగుడు వినడు. పదహారేళ్ళకే పెళ్ళి చేస్తే ముప్పై దాటేసరికి ఆరు కాన్పులు కావడం ఎంతసేపు? ఇవేమీ ఆమె ఒక్కతే తీసుకున్న నిర్ణయాలు కావు, తిట్లు మాత్రం ఆమె ఒక్కతికే. ఇంకో కారణం మన వ్యవస్థలోనే ఉంది. నాలుగో కాన్పు తర్వాత ఆపరేషన్‌కు తనంతట తానే వచ్చిన ఒక తల్లిని హెచ్‌బీ 6.5 ఉందని వెనక్కి పంపాం. 7 కంటే తక్కువుంటే వాయిదా వేయాలన్నది నిబంధన, అది సరైనదే, మత్తు ఇవ్వకూడదు. కానీ వెనక్కి పంపేటప్పుడు ఐరన్ మాత్రల ప్యాకెట్ చేతిలో పెట్టి మూడు నెలల తర్వాత రమ్మన్నాం. మూడు నెలల తర్వాత ఆమె మళ్ళీ నెల తప్పి వచ్చింది. ఆ రోజు ఆమెకు ఐరన్ సుక్రోజ్ ఎక్కించి, కాపర్-టీయో, కడుపు రాకుండా వేసే అంతర ఇంజెక్షనో ఆమె ఇష్టం కనుక్కుని ఇచ్చి, ఆపరేషన్‌కు తేదీ రాసి పంపి ఉంటే సరిపోయేది. ఆపరేషన్ వాయిదా వేసిన తల్లుల పేర్లకు విడిగా ఒక రిజిస్టర్ పెట్టించండి. ఎందుకు వాయిదా పడింది, ఆ మధ్యకాలానికి ఏమిచ్చారు, మళ్ళీ ఎప్పుడు పిలిచారు, ఇవి రాయించండి. మొగవాళ్ళకు చేసే ఆపరేషన్‌కు కోత కూడా అక్కర్లేదు, ఆ రోజే ఇంటికి పోవచ్చు. దాని గురించి మొగుళ్ళతో మాట్లాడటానికి మగ హెల్త్ అసిస్టెంట్లను పంపండి, మా మాట వాళ్ళు వినరు.

ఇక సుగ్గి, అంటే కూలికి వలసపోయే సంగతి. మా పడమటి మండలాల్లో సుగ్గికి పోవడమంటే ఊళ్ళకు ఊళ్ళు తాళాలు పడటమే. పత్తి తీతలు, ఆ తర్వాత మిరపకోతలు, గుంటూరు, పల్నాడు వైపు లారీలెక్కి పోతారు. నెలల తరబడి పొలాల గట్ల మీద పట్టా గుడారాల్లోనే కాపురం. గర్భిణి వెనక ఉండిపోతుందనుకోకండి. పిల్లలున్నవాళ్ళు బస్తా కూలి లెక్క చూసుకుంటారు, ఒక చెయ్యి తగ్గితే అంత తగ్గుతుంది. మా రిజిస్టర్‌లో ఆమె పేరు పక్కన "వలస" అని రాసి ఊరుకుంటాం. అక్కడి ఏఎన్‌ఎం రిజిస్టర్‌లో ఆమె లేనే లేదు. రెండు రిజిస్టర్ల మధ్య ఆ ఎనిమిదో నెల, తొమ్మిదో నెల మాయమైపోతాయి. లారీలు బయల్దేరే ముందే ఎర్ర స్టిక్కర్ తల్లుల పేర్లు, కాన్పు తేదీలు, మేస్త్రీ ఫోన్ నంబరు గుంటూరు, పల్నాడు డీఎంహెచ్‌ఓలకు చేరాలి. అక్కడి సిస్టర్ వారానికి ఒకసారి గుడారాలకు వెళ్ళాలి. ఏ ఊరికి ఏ ఊరి కూలీలు వస్తారో ఏటా తెలిసిందే, మేస్త్రీల దగ్గర లిస్టులుంటాయి. వలస పిల్లల చదువు కోసం సీజనల్ హాస్టళ్ళు పెట్టిన ప్రభుత్వానికి ఇది కష్టమైన పనేమీ కాదు.

డబ్బు సాయం గురించి కూడా చెప్పాలి. ప్రధానమంత్రి మాతృ వందన యోజన మొదటి బిడ్డకు 5,000 రూపాయలిస్తుంది, రెండో బిడ్డ ఆడపిల్లయితే 6,000. అక్కడితో ఆగిపోతుంది. ఆ పథకం పెట్టిన ఉద్దేశం నాకు అర్థమవుతుంది. కానీ కాన్పుల సంఖ్య పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంటే, సాయం మొదట్లోనే ఆగిపోవడం ఏమిటి? కనమని డబ్బివ్వమనడం లేదు. ఎర్ర స్టిక్కర్ పడిన తల్లికి చివరి రెండు నెలలు కూలికి పోకుండా ఉండటానికి సాయం చేయమంటున్నాను, అది ఎన్నో కాన్పయినా సరే.

ఇప్పుడు ఈ ఉత్తరం రాయడానికి ఇంకో కారణం. 2024 నవంబరులో మన అసెంబ్లీ ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను ఎత్తేసింది. జనాభా తగ్గిపోతోంది, ఎక్కువమందిని కనండి అన్న మాట ప్రభుత్వం వైపు నుంచే వింటున్నాం. ఎంతమందిని కనాలన్నది ఆ ఆలుమగల ఇష్టం, పిల్లలెక్కువున్నారని ఎవరినీ శిక్షించకూడదు, కాబట్టి ఆ నిబంధన పోవడం నాకు సంతోషమే. అయితే కనమని చెప్పే నోటితోనే కాన్పుల గదికి ఏమిస్తారో కూడా చెప్పాలి.

ఎందుకంటే రేపు మూడో కాన్పుకు, నాలుగో కాన్పుకు వచ్చే తల్లి నేను చూసిన తల్లి కాదు. 2019–21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే, తెలంగాణలో నూటికి 60 దాటాయి. రెండు పెద్దాపరేషన్లయిన తల్లి మూడో బిడ్డను కనాలనుకుంటే ఆమెకు వేరే గండం ఉంది. మాయ కిందికి దిగి పాత కోత మచ్చ మీద అతుక్కుంటే, అది గర్భసంచి గోడలోకి వేళ్ళు తన్నినట్టు పాకుతుంది. కాన్పయ్యాక ఊడిరాదు. లాగితే రక్తం వరద కడుతుంది, చాలాసార్లు గర్భసంచే తీసేయాల్సి వస్తుంది. అమెరికాలో ముప్పై వేల సిజేరియన్లు పరిశీలించి 2006లో ప్రకటించిన అధ్యయనంలో, మాయ కిందికి ఉండి మూడో సిజేరియన్‌కు వచ్చిన తల్లుల్లో నూటికి 40 మందికి ఇలా అతుక్కుపోయి ఉంది. మొదటి సిజేరియన్ అయితే అది నూటికి 3. కోసిగి కూలి తల్లికే పరిమితమైన భయం కాదిది, విజయవాడ అపార్ట్‌మెంట్ తల్లికీ ఉంది. ఎక్కువమందిని కనమనే ప్రభుత్వం మొదటి కాన్పులోనే అక్కర్లేని కోతను ఆపాలి. రెండో సిజేరియన్ తర్వాత వచ్చిన ప్రతి గర్భిణికీ స్కానింగ్‌లో మాయ ఎక్కడుందో ప్రత్యేకంగా చూసి కార్డు మీద రాయించాలి.

కాన్పుల గదికి ఏం కావాలో నేను చూసినంతలో చెప్తాను. ముందు, రక్తాన్ని కళ్ళతో అంచనా వేయడం మానాలి. మా కళ్ళు ఎప్పుడూ తక్కువే చెప్తాయి, చీర మడతలు దాచేస్తాయి. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 2023లో ఫలితాలు వచ్చిన పరిశోధనలో తల్లి కింద గీతలున్న ప్లాస్టిక్ సంచి పరిచి రక్తం కొలిచారు. గీత దాటగానే మర్దన, ఆక్సిటోసిన్, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సమిక్ యాసిడ్, సెలైన్, గాయాల పరీక్ష ఒకదాని తర్వాత ఒకటి ఆగి చూడకుండా ఒక్కసారే మొదలుపెట్టారు. తీవ్రమైన రక్తస్రావం వంటి కష్టాలు 60 శాతం తగ్గాయి. ఆ సంచి ఒక ప్లాస్టిక్ ముక్క. 2008లో నా బల్ల మీద అది ఉంటే పావుగంట నేను రిజిస్టర్ రాస్తూ కూర్చునేదాన్ని కాదు.

ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. టీకాల ఫ్రిజ్‌కు ఉన్న జాగ్రత్త కాన్పుల గది ఫ్రిజ్‌కు లేదు. టీకా పాడైతే మెమో వస్తుంది, ఆక్సిటోసిన్ పాడైతే ఎవరికీ తెలియదు, సీసాలో నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి. ట్రానెక్సమిక్ యాసిడ్ మూడు గంటలలోపు ఇస్తేనే పనిచేస్తుంది, కాబట్టి అది పెద్దాసుపత్రిలో ఉంటే చాలదు, పల్లెల్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీలో) ఉండాలి. రక్తం నిల్వ చేసే యూనిట్లు బోర్డు మీద ఉన్నచోటల్లా లోపల రక్తం కూడా ఉందో లేదో రాత్రి పూట వెళ్ళి చూడండి.

అన్నిటికంటే తేలికైనది, ఎవరూ ఆలోచించనిది ఒకటుంది. కాన్పయ్యాక 48 గంటలు ఉండమంటే ఈ తల్లులు ఉండరు. ఆరు గంటలకే లేచి ఇంటికి పోతామంటారు. మేం మొండితనం అనుకునేవాళ్ళం. ఒకామెను గట్టిగా అడిగితే, "ఇంటికాడ నలుగురు పిల్లోళ్ళు ఉండారు మేడం, చిన్నది నేను లేందే బువ్వ తినదు" అంది. మొదటి కాన్పు తల్లికి అమ్మగారిల్లు ఉంటుంది, పథ్యం వండేవాళ్ళుంటారు. ఆరో కాన్పు తల్లికి ఎవరూ ఉండరు, ఆ అమ్మ ముసలిదైపోయి ఉంటుంది, లేదా పోయి ఉంటుంది. నేను అప్పటి డాక్టరుగారిని బతిమాలి, ఆమె చిన్న పిల్లలిద్దరినీ వార్డులోనే పడుకోనిచ్చి, ఆయమ్మ చేత మా ఇంటి నుంచి అన్నం తెప్పించాను. ఆమె రెండు రోజులుంది. రెండో రోజు తెల్లవారుజామున ఆమెకు రక్తస్రావం మొదలైంది. మాయ ముక్క ఒకటి లోపల ఉండిపోయింది. ఆసుపత్రిలోనే ఉంది కాబట్టి అరగంటలో తీసేశారు. ఇంటికి పోయి ఉంటే ఏమయ్యేదో నేను రాయనక్కర్లేదు. ఆ చిన్నది ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, ఆదోని బస్టాండులో కనిపిస్తే నమస్తే పెడుతుంది. తల్లితో పాటు చిన్న పిల్లలకు కూడా వార్డులో చోటు, మూడు పూటలా భోజనం ఇవ్వండి. సాలూరులో నెలలు దగ్గరపడిన గిరిజన గర్భిణులను ముందే తెచ్చి ఉంచే వసతి గృహం నడిచింది కదా, అలాంటిది ఆదోనిలోనూ పెట్టండి, పిల్లలతో సహా రానివ్వండి.

2018–20 లెక్కల్లో మన రాష్ట్రంలో ప్రాణంతో పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకు 45 మంది తల్లులు పోయారు. దేశం సగటు 97. ఆ తేడా ఊరికే రాలేదు, ఆశాలు, ఏఎన్‌ఎంలు, 108 డ్రైవర్లు, కాన్పుల డాక్టర్లు రాత్రింబవళ్ళు పడిన కష్టం అది. ఆ 45 ఇంకా తగ్గాలంటే సగటులో కనిపించని ఇలాంటి తల్లుల దగ్గరికి వెళ్ళాలి.

వచ్చే 9వ తేదీన మీలో ఒకరైనా మా పడమటి మండలాల్లో ఏదో ఒక పీహెచ్‌సీకి రండి. కార్డులు రాసే సిస్టర్ పక్కన ఒక గంట కూర్చోండి. "ఎంతమంది పిల్లలు?" అని అడగొద్దని ఆమెకు చెప్పండి. "ఎన్ని కడుపులు మోశావమ్మా?" అని అడగమనండి. పోయినవాళ్ళను కూడా లెక్కేస్తారా అని ఆ తల్లి అడిగితే, మీరే జవాబు చెప్పండి.

ఇట్లు,
కర్నూలు జిల్లాకు చెందిన ఒక విశ్రాంత ఏఎన్‌ఎం